మఠపు బీరు, ఇంటి కిట్టు: బెల్జియం ట్రాపిస్టు సంప్రదాయముపై ఒక చారిత్రక పరిశీలన

ప్రస్తావన

అమెరికా, ఇంగ్లండు వంటి దేశములలో ఇంటి వద్దనే బీరు తయారు చేసుకొనుట అనేకులకు ఒక కాలక్షేపము. కావలసిన సరుకులన్నిటిని ఒకే పెట్టెలో అమర్చి 'కిట్టు' అను పేరుతో అమ్ముతారు. ఈ కిట్టులలో 'బెల్జియన్ అబ్బే తరహా', 'ట్రాపిస్టు తరహా' అనునవి ఒక ప్రత్యేక వర్గము. ఆ పేర్ల వెనుక ఉన్నవి క్రైస్తవ మఠములు.

మద్యమును పూర్తిగా విసర్జించవలెనని బోధించు సంఘములలో పెరిగిన మన పాఠకులకు ఇది వింతగా తోచవచ్చును. దీనిపై రెండు తీర్పులు సులభముగా పుట్టుకొస్తాయి. సన్యాసులే బీరు కాచారు గనుక త్రాగుటలో దోషము లేదనునది ఒకటి. సన్యాస జీవితము చెడిపోయినందుననే మఠములలో బీరు కాచారనునది రెండవది. ఈ రెండిటికిని చరిత్రలో ఆధారము బలహీనమని మా అభిప్రాయము. ఈ సంప్రదాయము ఎప్పుడు రూపు దిద్దుకొన్నది, దానికి మఠములు ఏ హద్దులు పెట్టుకొన్నవి, అందులో ఎంత భాగము కిట్టులోనికి వచ్చినది అను మూడు ప్రశ్నలను ఇక్కడ పరిశీలిస్తాము. మద్యపానము తగునా తగదా అనునది క్రైస్తవ నీతిశాస్త్రమునకు చెందిన ప్రశ్న. దానిని ఈ వ్యాసములో చర్చించుట లేదు.

1. బెనెడిక్టు నియమావళి

6వ శతాబ్దములో ఇటలీలో బెనెడిక్టు వ్రాసిన నియమావళి పాశ్చాత్య మఠములకు పునాది. దాని 48వ అధ్యాయము సోమరితనమును ఆత్మకు శత్రువుగా ఎంచి, చేతిపనితో జీవించుట నిజమైన సన్యాసి లక్షణమని బోధిస్తుంది. 40వ అధ్యాయము పానీయమును గూర్చినది. సన్యాసులకు ద్రాక్షారసము తగదని తలంచినను, తన కాలపు వారిని అందుకు ఒప్పించుట సాధ్యము కాదని గ్రహించి, దినమునకు ఒక హెమినా అను చిన్న కొలతను బెనెడిక్టు అనుమతించాడు. మానుకొనగలవారిని మెచ్చుకొన్నాడు. ద్రాక్షలు పండని ఉత్తర ఐరోపాలో ఆ స్థానమును బీరు ఆక్రమించినది.

మన అంశమునకు మరింత ముఖ్యమైనది 57వ అధ్యాయము. మఠములోని పనివారు చేసిన వస్తువులను అమ్మునప్పుడు దురాశ చొరబడకూడదనియు, లోకస్థుల ధర కంటె కొంత తక్కువకే అమ్మవలెననియు అది ఆదేశిస్తుంది. తన పనితనమును బట్టి గర్వించువానిని ఆ పని నుండి తప్పించవలెను. అనగా మఠము అమ్మకమును నిషేధించలేదు గాని దానికి కాపలా పెట్టినది.

2. పురాతనమా, నూతనమా?

1098లో సీతో వద్ద మొదలైన సిస్టర్షియన్ సమాజము ఈ నియమమును కఠినముగా పాటించుటకు ఏర్పడినది. 1664లో ఫ్రాన్సులోని లా ట్రాప్ మఠములో మఠాధిపతి రాన్సే చేసిన సంస్కరణ నుండి 'ట్రాపిస్టు' అను పేరు వచ్చినది. ఫ్రెంచి విప్లవము ఈ మఠములను చెదరగొట్టినది. ఆ విధముగా దేశము విడిచిన సన్యాసులే 1794లో నేటి బెల్జియములోని వెస్ట్‌మాలేలో నివాసము ఏర్పరచుకొన్నారు. అది 1836లో పూర్తి మఠముగా గుర్తింపు పొందినది. మొదటి బీరు కూడ ఆ సంవత్సరమే వడ్డించారు. వెస్ట్‌ఫ్లెటెరెన్ మఠము 1831లోను, షిమే బీరు తయారగు స్కూర్మో మఠము 1850లోను వెలసినవి. విప్లవ కాలములో శిథిలమైన ఓర్వాల్ మఠమును 1926 నుండి తిరిగి కట్టారు. ఆ నిర్మాణ వ్యయము కొరకే 1931లో అక్కడ బీరు కర్మాగారము నెలకొల్పారు.

కాబట్టి నియమము పురాతనమైనను, నేడు లోకమునకు తెలిసిన బీరు పురాతనమైనది కాదు. మధ్య యుగము నుండి చెక్కుచెదరక వచ్చిన రహస్య పాకమను కథను చరిత్ర బలపరచదు.

3. మితపాన చట్టము యొక్క అనూహ్య ఫలితము

1919లో బెల్జియము న్యాయశాఖ మంత్రి వాండర్వెల్డె పేరుతో ప్రసిద్ధమైన చట్టము వచ్చినది. పానశాలలలో జిన్ వంటి సారాయి పానీయముల విక్రయమును అది నిషేధించినది. దుకాణములలో కొనువారు కనీసము 2 లీటర్లు కొనవలసి వచ్చినది. పేద కార్మికునికి అది అందని ధర. చట్టము యొక్క ఉద్దేశము కార్మిక కుటుంబములను త్రాగుడు నుండి కాపాడుట. అయితే సారాయి దొరకని చోట గాఢమైన బీరుకు గిరాకి పెరిగినది. వెస్ట్‌మాలే 1926లో తన ముదురు రంగు 'డబెల్' పాకమును సవరించినది. 1934లో బంగారు రంగు 'ట్రిపెల్'ను విడుదల చేసినది. ట్రిపెల్‌లో మద్యసారము 9.5 శాతము.

ఇక్కడ ఒక విషయము గమనార్హము. సన్యాసుల భోజనపు బల్ల కొరకు ఉద్దేశించినది ఈ గాఢమైన బీరు కాదు. దాని కొరకు సుమారు 5 శాతము లేక అంతకు తక్కువ మద్యసారము గల తేలిక బీరును వేరుగా కాచే వాడుక ఈ మఠములలో ఉన్నది. 'సన్యాసుల బీరు' అని లోకము అనుకరించునది ప్రధానముగా వారు బయటివారికి అమ్మినదానినే.

4. పేరు ఎవరిది?

గిరాకి పెరుగగా అనుకరణలు వచ్చినవి. ఓర్వాల్ మఠము వేసిన దావాలో 1962లో గెంట్ వాణిజ్య న్యాయస్థానము, సన్యాసులు తయారు చేయని బీరుకు 'ట్రాపిస్టు' అను పేరు వాడరాదని తీర్పు చెప్పినది. 1997లో ఎనిమిది మఠములు కలిసి అంతర్జాతీయ ట్రాపిస్టు సంఘమును స్థాపించాయి. దాని ముద్రకు మూడు షరతులు ఉన్నవి: తయారీ మఠము ఆవరణలోనో దాని సమీపములోనో జరుగవలెను, సన్యాసుల పర్యవేక్షణ ఉండవలెను, ఆదాయము మఠపు అవసరములకును ధర్మకార్యములకును వినియోగపడవలెను. రుచిని గూర్చిన షరతు ఇందులో లేదు.

హద్దులు కాగితము మీదనే ఉండలేదు. వెస్ట్‌ఫ్లెటెరెన్ మఠము 1946లో తన తయారీని తగ్గించి, వ్యాపార భారమును 1992 వరకు బయటి సంస్థకు అప్పగించినది. 2005లో ఒక వెబ్‌సైటు ఆ బీరును ప్రపంచములో శ్రేష్ఠమైనదిగా ప్రకటించగా మఠము ముందు వాహనములు బారులు తీరాయి. అయినను సన్యాసులు తయారీని పెంచలేదు. జీవనమునకు చాలినంత కాచుటయే వారి పద్ధతి. మరొక ప్రక్క అఖెల్ మఠము 1998లో బీరు కాచుట పునరుద్ధరించినది గాని, 2021లో చివరి సన్యాసులు వెళ్లిపోగా ఆ ముద్రను కోల్పోయినది. పాకము, పాత్రలు, సీసాలు అన్నియు అక్కడనే ఉన్నవి. ప్రార్థించు సమాజము లేదు.

5. డబ్బాలోనికి వచ్చిన సంప్రదాయము

ఇంగ్లండులో 1963లో ఇంటి తయారీకి లైసెన్సు అవసరము తొలగినది. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకము చేసిన చట్టము, ఇద్దరు లేక అంతకంటె ఎక్కువ మంది పెద్దలున్న కుటుంబమునకు ఏటా 200 గ్యాలన్ల వరకు పన్ను లేకుండ తయారీని అనుమతించినది. (మన రాష్ట్రములలో అనుమతి లేకుండ మద్యము తయారు చేయుట నేరము.)

కిట్టులో ఉండునది ఇది: మొలకెత్తించి ఎండబెట్టిన యవల నుండి తీసిన మాల్టు పాకము, చేదు కొరకు హాప్స్ పువ్వులు, చక్కెర, పొడి ఈస్టు. పాకమును నీటిలో కాచి, చల్లార్చి, ఈస్టు కలిపి ఒకటి రెండు వారములు పులియనిచ్చి, సీసాలలో పోసి మరికొన్ని వారములు నిలువ ఉంచుతారు. బెల్జియం తరహాకు రెండు ప్రత్యేకతలు ఉన్నవి. చక్కెర పూర్తిగా పులిసి పానీయమును చిక్కబరచకయే మద్యసారమును పెంచుతుంది. ఈస్టు పండ్ల వాసనను, లవంగముల వంటి ఘాటును ఇస్తుంది. షిమేలో ఫాదర్ థియొడోర్, లూవేన్ ఆచార్యుడు జాన్ డి క్లర్క్ సహాయముతో రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఎన్నిక చేసినది ఇటువంటి ఈస్టునే. కొంచెము పులిపిండి ముద్దంతటిని పులియజేయునని ఎరిగిన పాఠకులకు ఈ సంగతి సులభముగా బోధపడుతుంది.

రుచిలో చాలా భాగమును ఈ విధముగా ఇంటిలో రాబట్టవచ్చును. 1997 నాటి మూడు షరతులలో మాత్రము ఒక్కటియు కిట్టుతో రాదు. ఇది ఇంటివారిపై నిందారోపణ కాదు. వారు అమ్ముటకు కాదు, తమ సంతోషము కొరకు కాస్తారు. పెట్టె మీది మఠము పేరు దేనిని తెలుపుతుంది, దేనిని తెలుపదు అను భేదము చూపుటయే మా ఉద్దేశము.

ముగింపు

మఠముల బీరు త్రాగుటకు అనుమతి పత్రము కాదు, పతనమునకు సాక్ష్యమును కాదు. స్వపోషణ కొరకు అమ్మకము చేపట్టిన ఒక క్రైస్తవ సమాజము, ఆ అమ్మకము తనను ఏలకుండునట్లు చేసిన ప్రయత్నమే ఈ చరిత్ర. ఆ ప్రయత్నము అన్ని చోట్ల ఒకే విధముగా ఫలించలేదు.

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. బాసెల్ మిషను 1865లో మంగుళూరులో పెంకుల కర్మాగారము నెలకొల్పినది. మన సంఘములును పాఠశాలలు, ఆసుపత్రులు నడుపుచున్నవి. మందిర స్థలములలో దుకాణములు కట్టి అద్దెకు ఇచ్చుచున్నవి. ధర ఎంత ఉండవలెను, ఎంత ఆదాయము చాలును, పరిచర్య ఆగిన తరువాత కూడ పేరు కొనసాగవలెనా అను ప్రశ్నలను మన సంఘ కమిటీలు ఎప్పుడు అడుగుచున్నవి? బెనెడిక్టు 57వ అధ్యాయమును సేవకులు ఆ దృష్టితో ఒకసారి చదువవలెనని మేము కోరుచున్నాము.