హయాటస్ హెర్నియా: తప్పు కంతదా, కవాటానిదా?

ఎండోస్కోపీ రిపోర్టులో "హయాటస్ హెర్నియా" అన్న మాట కనబడగానే మనవాళ్ళు రెండు రకాలుగా విడిపోతారు. ఒకళ్ళు ఆపరేషన్ తప్పదేమోనని బెంగ పెట్టేసుకుంటారు. ఇంకొకళ్ళు "ఆ, గ్యాస్ ట్రబులే కదా" అని పరగడుపున మాత్ర వేసుకుంటూ ఏళ్ళకేళ్ళు లాగించేస్తారు. ఎవరు రైటో తేల్చడానికి సర్జన్లకే యాభై ఏళ్ళ పైన పట్టింది. ఆ కథ చదువుతుంటే నాకు బగ్ ఒకచోట ఉంటే ప్యాచ్ ఇంకోచోట వేసే మన ప్రాజెక్టులే గుర్తొచ్చాయి.

ముందు విషయం రెండు ముక్కల్లో. ఛాతీకీ పొట్టకీ మధ్య డయాఫ్రమ్ అనే కండరం అడ్డుగోడలా ఉంటుంది. అన్నవాహిక అందులోని కంత గుండా దిగి జీర్ణాశయాన్ని చేరుతుంది. ఆ కంత వదులై జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి వెళ్తే అదే హయాటస్ హెర్నియా. నూటికి తొంభై పైన నేరుగా పైకి జారే రకం. మిగతావాటిలో జీర్ణాశయం అన్నవాహిక పక్కనుంచి పైకెక్కుతుంది.

ఎక్స్-రే రాకముందు ఇది ఎక్కువగా శవపరీక్షల్లో బయటపడే సంగతి. 1895లో రోంట్‌జెన్ ఎక్స్-రే కనిపెట్టాక, బేరియం తాగించి ఫోటో తీస్తే బతికున్న మనిషిలోనే కనబడసాగింది. 1926లో స్వీడన్ రేడియాలజిస్టు ఓకర్లుండ్ దీన్ని మూడు రకాలుగా విడదీశాడు. ఈలోగా సర్జన్లూ రంగంలోకి దిగారు. 1919లో సొరేసి ఆపరేషన్ పద్ధతి ప్రచురించాడు. 1928లో మేయో క్లినిక్‌కి చెందిన హారింగ్టన్ తను చేసిన కేసులు ప్రకటించాడు. వాళ్ళ లాజిక్ సింపుల్: గజ్జల్లో హెర్నియాకి ఏం చేస్తాం? జారినదాన్ని లోపలికి లాగి, కంత కుట్టేస్తాం. ఇక్కడా అంతే. ఫోటోలో కనబడేది అదే కాబట్టి రోగమూ అదే అనుకున్నారు.

1951లో ఇంగ్లండులోని లీడ్స్ సర్జన్ ఫిలిప్ ఆలిసన్ ఒక అడుగు ముందుకేశాడు. గుండెల్లో మంటకి కారణం ఆమ్లం పైకి ఎగదన్నడమనీ, దానికీ జారే హెర్నియాకీ సంబంధం ఉందనీ స్పష్టంగా చెప్పాడు. కానీ ఆయన వైద్యం మాత్రం అవయవాలని మళ్ళీ వాటి చోట కూర్చోబెట్టడమే.

అసలు ప్యాచ్ దొరికింది వేరే చోట, అదీ అనుకోకుండా. రుడాల్ఫ్ నిస్సెన్ యూదు సర్జన్. హిట్లర్ వచ్చాక 1933లో జర్మనీ వదిలి ఇస్తాంబుల్ చేరాడు. (1948లో ఐన్‌స్టీన్ పొట్టలో ఉబ్బిన రక్తనాళానికి ఆపరేషన్ చేసింది కూడా ఈయనే.) 1936లో అక్కడో రోగికి అన్నవాహిక చివర పుండు ఉన్న భాగం కోసేసి, అతుకు లీకవకుండా దాని చుట్టూ జీర్ణాశయపు గోడని కప్పాడు. ఏళ్ళ తరవాత వాకబు చేస్తే ఆ రోగికి గుండెల్లో మంట ఊసే లేదు! 1955లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో కావాలనే అదే పని చేశాడు. మెడకి కండువా చుట్టినట్టు, జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చివర చుట్టూ తిప్పి కుట్టాడు. 1956లో ప్రచురించాడు. ఆయన దృష్టి కంత మీద కాదు, కవాటం మీద.

దీనికీ సైడ్ ఎఫెక్టులున్నాయి. చుట్టు బిగిస్తే ముద్ద దిగదు, తేన్పు రాదు, పొట్ట ఉబ్బుతుంది. అందుకే 1980ల్లో చుట్టుని పొట్టిగా, వదులుగా చేశారు. 1974లో జాన్సన్, డిమీస్టర్ ముక్కు గుండా సన్న గొట్టం దించి, 24 గంటల్లో ఆమ్లం ఎంతసేపు పైకొస్తోందో లెక్కగట్టే పద్ధతి ఇచ్చారు. దాంతో ఫోటో చూసి కాకుండా కొలిచి నిర్ణయించడం మొదలైంది. 1991లో బెల్జియంలో దాల్మాన్ బృందం ఇదే ఆపరేషన్ లాపరోస్కోపీతో చేసి చూపించింది.

ఇంతకీ నా మటుకు ఈ కథలో హీరో నిస్సెన్ కాదు, ఆలిసన్. 1973లో ఆయన తన పేషెంట్ల ఇరవై ఏళ్ళ లెక్కలు తీసి, దాదాపు సగం మందిలో సమస్య తిరగబెట్టిందని తనే అచ్చేశాడు. మనం రిలీజ్ చేసిన కోడు ఇరవై ఏళ్ళ తరవాత ఎలా ఉందో వెళ్ళి చూసే ఓపిక మనలో ఎంతమందికుంది? చూసినా, సగం ఫెయిలైందని పైకి చెప్పే ధైర్యం?

తమాషా ఏంటంటే, పక్కనుంచి ఎక్కే పెద్ద హెర్నియాల మీద 2011లో అమెరికా సర్జన్లు ఒక అధ్యయనం ప్రచురించారు. జాలీ వేసినా వేయకపోయినా, ఐదేళ్ళకి ఎక్స్-రేలో సగం మందికి పైగా హెర్నియా మళ్ళీ కనబడింది. కానీ వాళ్ళలో ఎక్కువమంది హాయిగానే ఉన్నారు, మళ్ళీ ఆపరేషన్ అవసరమైంది బహు కొద్దిమందికే. అంటే ఫోటో వేరు, బాధ వేరు.

కాబట్టి రిపోర్టులో ఆ మాట చూసి హడలిపోకండి. బాధ లేని చిన్న జారుడు హెర్నియాకి ఆపరేషన్ అక్కర్లేదు. మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుందే గానీ కవాటాన్ని బాగుచెయ్యదు. చాలామందికి అంతే చాలు. ఎవరైనా ఆపరేషన్ అంటే మాత్రం, ఆమ్లం కొలిచారా, అన్నవాహిక కదలికల ఒత్తిడి పరీక్ష చేశారా అని అడగండి. పెద్ద హెర్నియా ఉన్నవాళ్ళకి ఉన్నట్టుండి విపరీతమైన నొప్పి వచ్చి, డోకు వస్తూ వాంతి మాత్రం కాకపోతే, జీర్ణాశయం మెలిపడిందేమో, అది ఎమర్జెన్సీ. అన్నట్టు, ఛాతీలో నొప్పి వస్తే "గ్యాసేలే" అని తీర్మానించేముందు ఈసీజీ తీయించండి. హెర్నియా ఉన్నవాళ్ళకి గుండెపోటు రాదని ఎక్కడా రాసిలేదు.