ఇంటి చదువులో తాతయ్యలు, అమ్మమ్మలు: చట్టం ఏమంటోంది? వాళ్లు ఎంతవరకు చేయగలరు?

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిద్దామనుకునే దంపతులు ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది. పగలంతా పిల్లల దగ్గర ఎవరుంటారు? ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో చాలాసార్లు వినిపించే జవాబు తాతయ్య, అమ్మమ్మ లేదా నాయనమ్మ. ఆ పెద్దాయన రిటైరైన టీచరో, బ్యాంకు ఉద్యోగో అయితే ధైర్యం ఇంకాస్త పెరుగుతుంది. 2020 మార్చిలో కొవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు ఈ ఏర్పాటు ఎన్నో ఇళ్లలో అప్పటికప్పుడు మొదలైంది. అయితే దీనికి చట్టపరంగానూ, పరీక్షల విషయంలోనూ, పెద్దవాళ్ల ఓపిక రీత్యానూ కొన్ని హద్దులున్నాయి.

చట్టం ఏమంటోంది?

2002లో చేసిన 86వ రాజ్యాంగ సవరణ 21ఎ అధికరణం కింద 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువును ప్రాథమిక హక్కుగా మార్చింది. దాన్ని అమలు చేసే విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పిల్లల్ని దగ్గరలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రులు లేదా సంరక్షకుల బాధ్యత అని ఈ చట్టంలోని 10వ సెక్షన్ చెబుతోంది. చేర్పించకపోతే శిక్ష ఏమిటన్నది మాత్రం చట్టంలో లేదు. ఇంటి చదువును అది పేరుపెట్టి అనుమతించనూ లేదు, నిషేధించనూ లేదు. ఢిల్లీ హైకోర్టులో నడిచిన ఓ కేసులో కేంద్రం 2012లో ఇంటి చదువుకు ఈ చట్టం అడ్డు కాదని మొదట చెప్పి, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకుంది. ఆ అస్పష్టత అలాగే మిగిలింది.

పాఠాలు చెప్పేది తాతయ్యే అయినా చట్టం దృష్టిలో జవాబుదారీ తల్లిదండ్రులదే. మరో జాగ్రత్త కూడా అవసరం. సొంత మనవల్ని కూర్చోబెట్టి చదివించడం వేరు, కాలనీ పిల్లలందరినీ చేర్చుకుని బడి పేరుతో నడపడం వేరు. గుర్తింపు లేకుండా బడి నడిపితే 18వ సెక్షన్ కింద లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

సర్టిఫికెట్ ఎలా?

ఇంట్లో చదివినవాళ్లకు ప్రధానమైన దారి జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ (ఎన్‌ఐఓఎస్). ఇక్కడ ఎ, బి, సి స్థాయిలు వరుసగా 3, 5, 8 తరగతులకు సమానం. పదో తరగతికి కనీసం 14 ఏళ్లు, పన్నెండుకు కనీసం 15 ఏళ్లు నిండాలి. తెలుగు రాష్ట్రాల్లో ఏపీ, తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలు కూడా పది, ఇంటర్ పరీక్షలు నిర్వహిస్తున్నాయి.

సర్టిఫికెట్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. ఇంట్లో చదువుకున్న ముంబై అమ్మాయి ఒకరు ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ పతకాల బలంతో 2016లో అమెరికాలోని ఎంఐటీలో సీటు సంపాదించారు. అదే అమ్మాయికి పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేక ఐఐటీల తలుపులు తెరుచుకోలేదు.

ఇంటి చదువు కుదరకపోతే వెనక్కి రావచ్చు. విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం బడి బయట ఉన్న పిల్లల్ని వాళ్ల వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, తోటివారిని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ కూడా ఇవ్వాలి.

పెద్దవాళ్ల బలం ఎక్కడుంది?

దీనికి ఓ ఆసక్తికరమైన ఉదాహరణ ఉంది. విద్యా పరిశోధకుడు సుగతా మిత్రా తమిళ పల్లె కాళికుప్పంలో పిల్లలకు కంప్యూటర్ ఇచ్చి, బయోటెక్నాలజీ పాఠాల్ని ఇంగ్లిషులో వాళ్లంతట వాళ్లనే నేర్చుకోమన్నారు. మార్కులు 30 శాతం దగ్గర ఆగాయి. అప్పుడు ఆ సబ్జెక్టు ఏమాత్రం తెలియని ఓ యువతిని వాళ్ల వెనక నిలబడి, అమ్మమ్మలా ‘ఇదెలా చేశావ్, ఇంకోసారి చూపించు’ అంటూ మెచ్చుకోమన్నారు. మార్కులు 50 శాతానికి పెరిగాయి. ఆ తర్వాత 2009లో, బ్రిటన్‌లోని వాలంటీర్లు హైదరాబాద్ పిల్లలకు స్కైప్‌లో కథలు చదివి వినిపించే ‘గ్రానీ క్లౌడ్’ మొదలైంది. వాళ్లలో రిటైరైన టీచర్లు చాలామంది ఉన్నారు. ఇవి చిన్న ప్రయోగాలే, వీటితో బడి అక్కర్లేదని తేల్చలేం. పక్కన కూర్చుని ఆసక్తిగా వినే మనిషి ఉంటే పిల్లలు ముందుకెళ్తారని మాత్రం ఇవి గుర్తుచేస్తాయి.

మన ఇళ్లలో పెద్దవాళ్లకు బాగా పట్టున్నవి తెలుగు చదవడం, రాయడం, ఎక్కాలు, నోటి లెక్కలు, కథలు. కొలతలు వంటింట్లో, చిల్లర లెక్కలు కూరగాయల బండి దగ్గర సహజంగా వచ్చేస్తాయి. చిక్కు వచ్చేది కొత్త పద్ధతుల దగ్గర. తీసివేతల్లో ‘అప్పు తెచ్చుకో’ అని తాతయ్య చెబుతారు, పుస్తకమేమో పదిని విడగొట్టి చూపిస్తుంది. ఆరో తరగతి దాటాక సైన్సు, ఇంగ్లిషుల్లో ఈ దూరం ఇంకా పెరుగుతుంది. బట్టీ పట్టించడం, పక్కింటి పిల్లలతో పోల్చడం, ఓ దెబ్బ వేస్తే తప్పులేదనుకోవడం కూడా పాత అలవాట్లే. బడిలో శారీరక శిక్షను చట్టం నిషేధించింది. ఇంటి బడికి కూడా అదే నియమం పెట్టుకోవాలి.

వాళ్లను అడిగారా?

అన్నిటికన్నా తక్కువగా చర్చకొచ్చే విషయం ఇదే. కొడుకో కూతురో అడిగితే కాదనలేక ఒప్పుకునే పెద్దవాళ్లు ఎందరో. సొంతూరిని, స్నేహితుల్ని, అలవాటైన డాక్టరును వదిలి నగరానికి రావాల్సి ఉంటుంది. శుక్లాలు, వినికిడి తగ్గడం, మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి రోజుకు ఐదారు గంటల బోధన పెద్ద భారమే. అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లేవారికి పర్యాటక వీసాపై సాధారణంగా ఒక విడతకు ఆరు నెలలకు మించి ఉండనివ్వరు. కాబట్టి వాళ్లనే నమ్ముకుని ఏడాది పొడవునా చదువు ప్రణాళిక వేయడం కుదరదు.

ముందే మాట్లాడుకోవాల్సినవి

• రోజుకు ఎన్ని గంటలు? వారానికి ఎన్ని సెలవులు? పూటకు రెండు గంటలు దాటకపోవడం మంచిది.
• ఏ సబ్జెక్టులు పెద్దవాళ్లవి, ఏవి తల్లిదండ్రులవి, వేటికి ట్యూటర్ కావాలి?
• పద్ధతి విషయంలో తేడా వస్తే చివరి మాట ఎవరిది? ఆ వాదన పిల్లల ముందు జరగకూడదు.
• పెద్దవాళ్లకు ఒంట్లో బాగోకపోతే మరో ఏర్పాటు ఏమిటి?
• పిల్లలు తోటివారితో ఆడుకునేది ఎప్పుడు, ఎక్కడ?
• ఏడాది చివర ఆ పెద్దవాళ్లను మళ్లీ అడగాలి. ఇక చాలు అంటే, నొచ్చుకోకుండా ఒప్పుకోవాలి.