మృగం ఒకచోట, వనం మరొకచోట

ఫోటో అబద్ధమాడదని లోకంలో ఒక నమ్మకం చాలాకాలం చెలామణిలో ఉండేది. నిజానికి ఛాయాచిత్రకళ 1839లో లోకానికి వెల్లడైన తరువాత ఇరవై ఏళ్ళు తిరగకుండానే ఆ నమ్మకానికి గండి పడింది. అయినా జనం దాన్ని వదులుకోలేదు. అడవి జంతువుల చిత్రాల విషయంలో అయితే ఇప్పటికీ వదులుకోలేకపోతున్నారు. ఒకచోట తీసిన జంతువును మరొకచోటి నేపథ్యంలో అతికించే విద్యకు సుదీర్ఘమైన చరిత్రే ఉంది. అందులో కొన్ని ఘట్టాలను ఇక్కడ పరామర్శిద్దాం.

ఈ అతుకుల విద్య మోసం కోసం పుట్టలేదు, అవసరం కొద్దీ పుట్టింది. 1850ల నాటి కొలోడియన్ పూత నీలికాంతికి అతిగా స్పందించేది. నేలా నీరూ సరిగా పడేంతసేపు కాంతిని రానిస్తే ఆకాశం వట్టి తెల్లకాగితంలా మిగిలేది. ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు గుస్తావ్ లె గ్రే దీనికొక ఉపాయం కనిపెట్టాడు. సముద్రానికి ఒక నెగెటివ్, మబ్బులకు మరొక నెగెటివ్ తీసి, రెంటినీ ఒకే కాగితం మీద ముద్రించాడు. ఇంగ్లండులో ఆస్కార్ రెయ్‌లాండర్ 1857లో సుమారు ముప్ఫై నెగెటివ్‌లను కలిపి ఒక పెద్ద నీతిచిత్రం కూర్చాడు. విక్టోరియా రాణి దాని ప్రతిని కొన్నది. మరుసటి ఏడు హెన్రీ పీచ్ రాబిన్సన్ అయిదు నెగెటివ్‌లతో మరణశయ్య మీది ఒక యువతి చిత్రం కూర్చాడు. అది కూర్పు అని తెలిశాక కొందరు నొచ్చుకున్నారు. చిత్రలేఖనంలో ఎవరికీ అభ్యంతరం కాని పని ఛాయాచిత్రంలో ఎందుకు తప్పవుతుందన్న ప్రశ్న అప్పుడే మొదలైంది.

జంతువుల విషయంలో ఇదే పని మొదట చేసినవి మ్యూజియములు. కార్ల్ ఎకిలీ 1890లో మిల్వాకీ మ్యూజియంలో నీటి ఎలుకల జీవితాన్ని ప్రదర్శనగా కూర్చాడు. ముందు అసలు జంతువుల తోళ్ళు, వెనుక చిత్రించిన ప్రకృతి. చూడవచ్చినవారెవరూ మోసపోలేదు. అద్దం వెనుక ఉన్నది కూర్పేనని అందరికీ తెలుసు. ఇదే కాలంలో దీనికి ఎదురు దారి ఒకటి తయారైంది. అమెరికాలో జార్జ్ షైరస్ రాత్రివేళ పడవ మీద పోతూ, మెరుపు దీపంతో జింకలను వాటి తావుల్లోనే ఫోటోలు తీశాడు. 1906 జులైలో నేషనల్ జియోగ్రఫిక్ పత్రిక ఆయన తీసిన 74 చిత్రాలను ప్రచురించింది. జంతువు అక్కడ, ఆ క్షణాన, ఆ విధంగా ఉన్నదన్న హామీయే ఆ చిత్రాల విలువ. వన్యప్రాణి ఛాయాచిత్రణకు మర్యాద ఏర్పడింది ఆ హామీ మీదనే.

ఫోటోషాప్ 1990లో విడుదలైంది. 1994లో వచ్చిన మూడవ కూర్పులో లేయర్లు, అంటే పొరలు చేరాయి. జంతువు ఒక పొర, అడవి మరొక పొర. చీకటిగదిలో వారాలు పట్టే పని గంటల్లోకి వచ్చింది. అలాగని సులువైన పనేమీ కాదు. బొచ్చు అంచులను వెంట్రుక వెంట్రుకగా విడదీయాలి. రెండు చిత్రాల్లోనూ వెలుగు ఒకే దిక్కునుంచి రావాలి. నీడ నేల వాలును అనుసరించాలి. జంతువు నిలిచిన దూరానికి తగినట్టుగా వెనుక చెట్లు మసకబారాలి. ఇందులో ఏది తప్పినా కన్ను పట్టేస్తుంది, కారణం చెప్పలేకపోయినా సరే.

ఆ 1994లోనే ఆర్ట్ వుల్ఫ్ ప్రచురించిన 'మైగ్రేషన్స్' గ్రంథం మీద పెద్ద వివాదం చెలరేగింది. జంతువుల గుంపుల మధ్య ఖాళీలను అవే జంతువుల నకళ్ళతో నింపాడన్నది ఆరోపణ. ఇది కళాగ్రంథమని, చిత్రకారుడికున్న స్వేచ్ఛే తాను తీసుకున్నానని ఆయన వాదించాడు. వాదం కొట్టిపారేయదగినది కాదు. అయితే పాఠకుడు పుస్తకం తెరిచింది గుర్రపుచారల అందం కోసం మాత్రమే కాదు. అన్ని జీబ్రాలు నిజంగా ఒకచోట గుమిగూడాయన్న ఆశ్చర్యం కోసం కూడా. ఆ ఆశ్చర్యానికే దెబ్బ తగిలింది.

అన్నిటికంటే ఆలోచింపజేసేది టిబెట్ పీఠభూమి ఉదంతం. అక్కడి లేళ్ళను 'చిరు' అంటారు. (మన తెలుగు 'చిరు'తో దీనికి చుట్టరికం లేదు.) షాతూష్ శాలువల ఉన్ని కోసం ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో వేటగాళ్ళు వీటిని గుంపులు గుంపులుగా చంపారు. 2006 జులై 1న గోల్మూడ్ నుంచి లాసాకు రైలు మొదలయ్యింది. ఏటా ఈనడానికి వలసపోయే ఆడలేళ్ళ బాటను ఈ దారి అడ్డుకుంటుందని భయం. అందుకే వాటికోసం వంతెనల కింద దారులు విడిచారు. ఆ ఏడే ల్యూ వైచ్యాంగ్ అనే పత్రికా ఛాయాచిత్రకారుడి ఫోటో ఒకటి చైనా అంతా మారుమోగింది. పైన వంతెన మీద రైలు, కింద బారుగా సాగే చిరు లేళ్ళు. చైనా ప్రభుత్వ టెలివిజన్ ఆ ఏటి ఉత్తమ వార్తాచిత్రాల్లో దానికి చోటిచ్చింది.

2008 ఫిబ్రవరిలో చిత్రం అడుగున ఒక సన్నని గీతను ఒక పరిశీలకుడు గమనించాడు. అది అతుకు. అంత పిరికి జంతువులు రైలు హోరుకు చెదరకుండా ఎలా నడిచాయన్న సందేహమూ బయలుదేరింది. రైలును, లేళ్ళను వేర్వేరు సమయాల్లో తీసి కలిపానని ల్యూ ఒప్పుకున్నాడు. ఉద్యోగం వదులుకున్నాడు. అతని సంపాదకుడు కూడా రాజీనామా చేశాడు.

ఇందులో విషాదం ఒకటుంది. లేళ్ళు ఆ వంతెనల కింద నుంచి దాటుతున్న మాట అబద్ధం కాదు. పరిశోధకులు దాన్ని గమనించి నమోదు చేశారు కూడా. ఉన్న నిజానికి దొంగసాక్షిని తెచ్చి నిలబెట్టినట్టయింది. దొంగసాక్షి దొరికిపోయిన తరువాత అసలు నిజం చెప్పినా వినేవారు అనుమానంగానే వింటారు.

అదే కాలంలో అదే దేశంలో దీనికి తలకిందులైన కథ మరొకటి నడిచింది. 2007 అక్టోబరులో షాన్షీ రాష్ట్రంలోని జెన్‌పింగ్ కొండల్లో జౌ జెంగ్‌లాంగ్ అనే రైతు, దశాబ్దాలుగా జాడలేని దక్షిణ చైనా పులిని ఫోటో తీశానన్నాడు. అధికారులు సభ పెట్టి మరీ ప్రకటించారు. తీరా చూస్తే అది గోడకు తగిలించుకునే బొమ్మలోని కాగితపు పులి. ఇక్కడ అడవి నిజం, జంతువు అబద్ధం. 2008 జూన్‌లో గుట్టు అధికారికంగా రట్టయ్యింది. పదముగ్గురు అధికారుల మీద చర్య తీసుకున్నారు.

చైనావారికే ఈ తప్పు అంటగట్టడం న్యాయం కాదు. 2011లో స్వీడనులో తెరియె హెల్లెసో చిత్రాల్లో ఒక అడవిపిల్లి జాతి జంతువు, లింక్స్, నడివేసవిలో చలికాలపు బొచ్చుతో కనిపించింది. అతికించిన చిత్రాలని తేలాక, పర్యావరణ సంస్థ ఇచ్చిన ఆ ముందటేటి ఉత్తమ ప్రకృతి ఛాయాచిత్రకారుడి బిరుదు పోయింది. లండనులోని ప్రకృతిచరిత్ర మ్యూజియం 2018లో ఒక చీమలబోతు చిత్రానికిచ్చిన బహుమతిని వెనక్కు తీసుకుంది. అందులోనిది గడ్డి కూరిన జంతువని నిపుణులు తేల్చారు. చిత్రకారుడు ఒప్పుకోలేదు.

ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. మన కడప జిల్లా లంకమల చిట్టడవుల కలివికోడిని తలుచుకుంటే జవాబు దొరుకుతుంది. 1900 తరువాత కనబడక, అంతరించిందనుకున్న ఈ పక్షి 1986లో మళ్ళీ దొరికింది. 2005లో తెలుగు గంగ కాలువ తవ్వకం దాని ఆవాసంలోకి చొచ్చుకువచ్చినప్పుడు, ఆ పక్షి ఉనికి కారణంగా కాలువ దారి మార్చవలసి వచ్చింది. రాత్రిపూట తిరిగే అటువంటి పక్షి కోసం పరిశోధకులు ఇసుకలో అడుగుజాడలు వెదికారు, పొదల్లో కెమెరాలు కట్టారు. అలాంటిచోట ఒక్క ఫోటో ఒక వాఙ్మూలం. అది అబద్ధమైతే నష్టపోయేది చిత్రకారుడి పేరు ఒక్కటే కాదు, నోరులేని జీవి తరఫు వాదన కూడా.

2023లో ఫోటోషాప్‌లోకి కృత్రిమ మేధ వచ్చింది. నాలుగు మాటలు టైపు చేస్తే అడవినే సృష్టించి వెనుక పెడుతుంది. అతుకు గీత వెదికే రోజులు పోయాయి. అందుకే పోటీల నిర్వాహకులు ఇప్పుడు కెమెరా నుంచి వచ్చిన మూల ఫైలును అడుగుతున్నారు. కూర్పు చిత్రం తప్పని ఎవరూ అనలేరు. లె గ్రే సముద్రాలు ఈనాటికీ అందమైనవే, ఎకిలీ కూర్పులు పిల్లలకు నేర్పిన ప్రకృతి పాఠం తక్కువది కాదు. కూర్చినవారు కూర్పని చెప్పుకుంటే చాలు. చిత్రం కింద ఆ ఒక్క మాట రాయడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కరలేదు.