మోరీకి హక్కుదారులెవరు? కామారెడ్డి, ఎల్లారెడ్డి నుంచి ఒక పరిశీలన

కామారెడ్డి చరిత్ర రాయమంటే మన చరిత్రకారులు రైలు దగ్గర మొదలుపెడతారు. 1899-1901 మధ్య నిజాం రాజ్యంలో సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా పడిన లైను, దాని వెంట పెరిగిన గంజ్, బెల్లం వ్యాపారం గురించి చెబుతారు. ఎల్లారెడ్డి గురించి రాయమంటే 1922 నాటికి పూర్తయిన పోచారం, 1931లో మంజీర మీద పూర్తయిన నిజాంసాగర్ వస్తాయి. పొలానికి పారే నీళ్ళకు చరిత్ర ఉంది. ఇంట్లోంచి బయటికి పోయే నీళ్ళకు లేదు. ఆ నీళ్ళు ఎటు పోతాయి, ఎవరి గడప ముందు నిలుస్తాయి, వాటిని ఎవరు ఎత్తిపోస్తారు అనే ప్రశ్న చరిత్ర విషయంగా మనకు కనబడదు. అది మునిసిపాలిటీ పని అనుకుంటాం. మునిసిపాలిటీ ఏమో అది ఒక కులం పని అనుకుంటుంది.

ఈ వ్యాసంలో మేము ఒక చిన్న కాగితాన్ని పట్టుకుని ఈ చరిత్రలోకి పోదలచుకున్నాం. ఇంటి మురుగును పబ్లిక్ డ్రైనేజీలో కలుపుకోవడానికి పెట్టుకునే దరఖాస్తు ఆ కాగితం. చూడటానికి ఇందులో కులం ప్రసక్తి ఎక్కడా ఉండదు. కానీ ఈ దరఖాస్తు దళితుణ్ణి రెండు చోట్ల మాయం చేస్తుందన్నది మా వాదన. ఇంటివాడిగా మాయం చేస్తుంది, శ్రామికుడిగానూ మాయం చేస్తుంది.

దరఖాస్తు అడిగేవి

కనెక్షన్ కావాలంటే ఏమడుగుతారో పట్టణాల్లో ఉండేవాళ్ళకు తెలిసిందే. ఇల్లు తనదేనని చూపే రిజిస్ట్రేషన్ దస్తావేజు, ఇంటి నంబరు, బకాయి లేకుండా కట్టిన ఇంటి పన్ను రసీదు, ఇంటి ప్లాను, గొట్టం ఎటు నుంచి ఎటు పోతుందో చూపే గీత, కనెక్షన్ ఫీజు. రోడ్డు తవ్వాలి కాబట్టి కటింగ్ చార్జీలు. తర్వాత ఇంజనీరింగ్ వాళ్ళు వచ్చి చూసి, మెయిన్ లైను లోతు, వాలు సరిపోతే అనుమతి ఇస్తారు.

ఇందులో వాలు తప్ప మిగతా అన్నీ ఆస్తికి సంబంధించినవే. అంటే ఆ కాగితానికి మనిషి అక్కర్లేదు, ఓనరు కావాలి. ఆ ఇంట్లో ఎంతమంది ఉంటున్నారు, ముసలివాళ్ళున్నారా, ఆడవాళ్ళు స్నానానికి ఎక్కడికి పోతున్నారు అనే గడి అందులో ఉండదు. ఆ లైను పూడుకుపోతే దానిలోకి ఎవరు దిగుతారు అనే గడి అసలే ఉండదు.

హక్కు ఒకరికి, ఆచారం ఒకరికి

ఈ కాగితం మన దగ్గర పుట్టింది కాదు. లండన్‌లో 1815 దాకా ఇళ్ళ మలాన్ని వీధి కాలువల్లో కలపడం నిషేధం. కలరా వచ్చి జనం చచ్చిపోతే 1848లో పబ్లిక్ హెల్త్ చట్టం తెచ్చారు. 1858 ఎండాకాలంలో థేమ్స్ నది కంపు పార్లమెంటు దాకా వచ్చాక బాజల్‌గెట్ అనే ఇంజనీరు చేత పెద్ద భూగర్భ కాలువలు కట్టించారు. 1875 నాటి పబ్లిక్ హెల్త్ చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఇంటి యజమాని గానీ, ఆ ఇంట్లో కాపురముండేవాడు గానీ నోటీసు ఇచ్చి నిబంధనలు పాటిస్తే తన మురుగును పబ్లిక్ కాలువలో కలుపుకోవడం హక్కు అన్నది. వంద అడుగుల లోపు కాలువ ఉండి ఇంటికి మురుగు దారి లేకపోతే, కలుపుకొమ్మని స్థానిక సంస్థే ఒత్తిడి చేయొచ్చన్నది. ఇక్కడ గమనించాల్సిన మాట 'కాపురముండేవాడు'. పేద కిరాయిదారుకు కూడా చట్టంలో చోటుంది.

అదే బ్రిటిష్ వాళ్ళు ఇండియాలో మునిసిపల్ చట్టాలు రాసేటప్పుడు కులంతో రాజీపడిన్రు. 1916 నాటి యునైటెడ్ ప్రావిన్సెస్ మునిసిపాలిటీల చట్టం చూడండి. ఇళ్ళ దొడ్లు ఎత్తడానికి ఆచారం ప్రకారం హక్కున్న స్వీపరు పని సరిగ్గా చెయ్యకపోతే ఇంటివాళ్ళు మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చెయ్యొచ్చు, పది రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు. ఆచారాన్ని తీసుకొచ్చి చట్టంలో కూర్చోబెట్టడమంటే ఇదే. పాకీ పని మీద 'హక్కు' అనే మాట వాడి, ఆ పని మానేసే హక్కు తీసేశారు. బాబాసాహెబ్ అంబేద్కర్ ఈ రకం చట్టాలను ఎత్తిచూపింది ఇందుకే. ఇంగ్లండులో గొట్టం చేసే పనిని ఇక్కడ కులం చేస్తున్నప్పుడు గొట్టం వెయ్యాలన్న తొందర ప్రభుత్వానికి ఎందుకుంటుంది?

మన షెడ్యూల్డు కులాల జాబితాలో ఇవ్వాళ్టికీ 'పాకీ, మోటి, తోటి' అని ఒక పద్దు ఉంది. మెహతర్ ఉంది. ఒక పని పేరే కులం పేరుగా ప్రభుత్వ గెజిట్‌కెక్కింది. డ్రైనేజీ చరిత్రకు ఇంతకంటే పెద్ద రికార్డు ఏ ఇంజనీరింగ్ ఆఫీసులోనూ దొరకదు.

1931: ఒకే ఏడాది రెండు నిర్మాణాలు

హైదరాబాద్ రాజ్యానికొస్తే, 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ఊడ్చుకుపోయింది. ఆ మరుసటి ఏడు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరద ఆపడానికి జలాశయాలు, నగరానికి డ్రైనేజీ ఉండాలని ఆయన చెప్పాడు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది, ఇరుకు బస్తీలు తీసేసి వెడల్పు రోడ్లు వేసింది. 1931లో నగర భూగర్భ డ్రైనేజీ అమల్లోకి వచ్చింది. 54 చదరపు కిలోమీటర్లకు, 4 లక్షల 68 వేల జనాభాకు సరిపోయేటట్టు దాన్ని కట్టారు.

నిజాంసాగర్ పూర్తయింది కూడా 1931లోనే. ఎల్లారెడ్డి పక్కన మంజీరను ఆపగలిగిన ప్రభుత్వానికి, రాజధానిలో నాలుగున్నర లక్షల మంది మురుగును నేల కింద నడిపించగలిగిన ప్రభుత్వానికి తెలివి, డబ్బు లేవని అనలేం. పొలానికి కాలువ తవ్వితే శిస్తు వస్తుంది, భూస్వామికి పంట వస్తుంది. వాడకు మోరీ తవ్వితే ఎవరికి ఏమొస్తుంది? ఊరి మురుగు సంగతి ఊరి వెట్టి చూసుకునేది. చచ్చిన పశువును ఈడ్చినట్టే, గడీ వాకిలి ఊడ్చినట్టే, అది కూడా వెట్టిలో ఒక భాగం. అందుకే జిల్లాల్లో డ్రైనేజీ లేకపోవడాన్ని వెనుకబాటుతనం అని తేల్చేస్తే సరిపోదు. కాలువకు బదులు మనుషులున్నారు కాబట్టి కాలువ రాలేదు.

మునిసిపాలిటీ వచ్చింది, గొట్టం రాలేదు

1956లో హైదరాబాద్ జిల్లా మునిసిపాలిటీల చట్టం, 1965లో ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం, 2019లో తెలంగాణ మునిసిపాలిటీల చట్టం వచ్చాయి. చట్టాలు మారినా డ్రైనేజీ విషయంలో వాటి చూపు ఇంటి ఓనరు మీదనే ఉంది. ఎల్లారెడ్డి 2018 దాకా గ్రామ పంచాయతీ. కామారెడ్డి అంతకు చాలా ముందే మునిసిపాలిటీ అయింది, 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రం కూడా అయింది.

హైదరాబాద్ దాటితే తెలంగాణలో భూగర్భ డ్రైనేజీ చెప్పుకోదగ్గట్టు ఉన్న పట్టణాలు వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గవే. దేశం మొత్తం మీద కూడా 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణాల ఇళ్ళలో మురుగు గొట్టానికి కలిసినవి 32.7 శాతమే, సెప్టిక్ ట్యాంకు మీద ఆధారపడ్డవి 38.2 శాతం. మిగతా చోట్ల జరిగేది మనకు తెలుసు. స్నానాల నీళ్ళు, వంటింటి నీళ్ళు రోడ్డు పక్క మోరీలోకి పోతాయి. దొడ్డికి ఇంటి కింద ట్యాంకు. ఆ ట్యాంకు కూడా నిండినప్పుడు అదే మోరీలోకి పొర్లుతుంది.

మోరీ వాలు చూసి పోతుంది. మన ఊళ్ళలో మాలవాడ, మాదిగవాడ చాలా చోట్ల పల్లంలోనే ఉంటాయి. ఊరు పట్టణమైనప్పుడు వాడ పక్కన కాలనీ వచ్చింది, వాడకు వార్డు నంబరు వచ్చింది, కానీ నేల వాలు మారలేదు. పైనున్న ఇళ్ళు ఏ కనెక్షన్ తీసుకున్నా, తీసుకోకున్నా వాటి నీళ్ళు కిందికే వస్తాయి. కింద ఉన్నవాళ్ళకు మాత్రం తమ నీళ్ళు బయటికి పంపడానికి అనుమతి కావాలి!

ఇల్లుంది, కాయితం లేదు

ఆ అనుమతికి కాయితం కావాలి. మన వాడల్లో ఇళ్ళు ఏ నేల మీద ఉన్నాయి? కొన్ని తాతలనాటి గ్రామకంఠంలో, కొన్ని సర్కారు ఇచ్చిన అసైన్డ్ స్థలాల్లో, కొన్ని ఏ పట్టా లేని సర్కారు భూమిలో. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం పేదల భూమిని పెద్దల చేతిలో పడకుండా కాపాడటానికి వచ్చింది. దాని అవసరాన్ని మేము తక్కువ చెయ్యడం లేదు. కానీ అమ్మకూడని స్థలానికి అమ్మకపు దస్తావేజు ఉండదు. తండ్రి పేర పట్టా ఉంటుంది, ముగ్గురు కొడుకులు మూడు అర్రల్లో కాపురముంటారు, పంపకం నోటిమాటగా జరిగి ఉంటుంది. ఎవరి పేర దరఖాస్తు పెట్టాలి?

2014 డిసెంబరులో వచ్చిన జీవో 58, సర్కారు స్థలంలో ఇల్లు వేసుకున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరిస్తామన్నది. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ 75 గజాల లోపు స్థలంలో కట్టుకునే చిన్న ఇంటికి అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నది. రెండూ మంచివే. కానీ రెంటికీ మళ్ళీ రుజువులు కావాలి, ఆఫీసు చుట్టూ తిరగడానికి కూలి పోగొట్టుకునే రోజులు కావాలి.

'రూల్ అందరికీ ఒకటే గదా' అనే జవాబు వెంటనే వస్తుంది. ఆ మాట నిజమో కాదో హైదరాబాద్ మాదాపూర్‌లో చూద్దాం. అక్కడి అయ్యప్ప సొసైటీలో అనుమతి లేని భవనాలున్నాయని 2014లో అధికారులే కూల్చివేతలకు దిగారు. 2016 ఆగస్టులో అదే సొసైటీలో మ్యాన్‌హోల్‌లోకి దిగి నలుగురు చనిపోయారు. ఆ వాడకు డ్రైనేజీ ఉంది, దాన్ని శుభ్రం చెయ్యడానికి మనుషులను దింపే ఏర్పాటూ ఉంది. పైసలున్న చోట కాగితం కంటే గొట్టం ముందు పోతుంది. పేదల వాడలో గొట్టం కంటే ముందు కాగితం అడ్డం నిలబడుతుంది.

గొట్టం లోపలి మనిషి

1993లో పార్లమెంటు పాకీ పనిని, ఎత్తుడు దొడ్లను నిషేధిస్తూ చట్టం చేసింది. మొదట అమలయ్యే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ పేరుంది. అయినా ఆ చట్టం 1997లో గానీ అమల్లోకి రాలేదు. దాన్ని నిలదీసింది బాధితుల బిడ్డలే. కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల కాలనీలో పాకీ పనివాళ్ళ తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, మన రాష్ట్రంలో ఐఏఎస్‌గా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ వంటి వాళ్ళు కలిసి 1990లలో సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిలబెట్టారు. వాళ్ళు 2003లో సుప్రీంకోర్టుకెక్కారు. మా దగ్గర పాకీ పనే లేదని ప్రభుత్వాలు ప్రమాణపత్రాలు వేస్తే, వీళ్ళు ఫొటోలు తీసి ముందర పెట్టారు. ఆ పోరాట ఫలితంగానే 2013లో కొత్త చట్టం వచ్చింది. రక్షణ లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడం ఇప్పుడు నేరం. 1993 తర్వాత చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చి 27న కోర్టు తీర్పిచ్చింది. 2023 అక్టోబరు 20న ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది.

చావుకు ధర పెరిగింది. కనెక్షన్ దరఖాస్తు మాత్రం అట్లనే ఉంది. ఇంటి ఓనరు, మునిసిపాలిటీ అనే ఇద్దరి మధ్య ఒప్పందంగానే అది నడుస్తోంది. మూడో మనిషి ఎప్పుడో చనిపోయినప్పుడు పేపర్లో కనబడతాడు.

ఇక్కడ మనలో మనం కూడా మాట్లాడుకోవాలి. 1997లో వర్గీకరణ జరిగినప్పుడు రెల్లి, మెహతర్, పాకీ వంటి కులాలను 'ఏ' గ్రూపులో పెట్టి 1 శాతం కేటాయించారు. మాల, మాదిగల వాదాల మీద మనం పుస్తకాలకు పుస్తకాలు రాసుకున్నాం. ఆ 1 శాతం మనుషుల చరిత్ర మీద ఎంత రాశాం? అంటరానితనంలో కూడా మెట్లున్నాయి. మురుగు చరిత్ర రాయడమంటే ఆ చివరి మెట్టు మీద ఉన్నవాళ్ళ దగ్గరి నుంచి దళిత చరిత్రను మళ్ళీ మొదలుపెట్టడం.

ఏమడగాలి?

2022 డిసెంబరు, 2023 జనవరి నెలల్లో కామారెడ్డి మాస్టర్ ప్లాన్ మీద చుట్టుపక్కల ఊళ్ళ రైతులు రోడ్డెక్కారు. మ్యాపులో ఒక రంగు మారితే బతుకులు ఎట్లా మారతాయో వాళ్ళకు అర్థమైంది. జనవరిలో కౌన్సిలే దాన్ని వద్దని తీర్మానించాల్సి వచ్చింది. పట్టణ ప్లాను జనం చదవదగ్గ కాగితమేనని ఆ పోరాటం చూపింది. 2025 ఆగస్టు చివర కురిసిన కుండపోత వాన కామారెడ్డి కాలనీలను ముంచినప్పుడు, నీళ్ళ దారి మూస్తే ఏమవుతుందో కాలనీవాసులకూ తెలిసొచ్చింది. పల్లంలో ఉన్నవాళ్ళకు ఇది ప్రతి వానాకాలం తెలిసే సంగతే.

కాబట్టి వార్డు సభల్లో, మునిసిపల్ ఆఫీసుల ముందు మనం అడగాల్సినవి ఇవి. ఇంటి కనెక్షన్‌కు ఆస్తి కాగితం షరతు తీసెయ్యాలి, కాపురముంటున్నట్టు రేషన్ కార్డో కరెంటు బిల్లో చాలనాలి. దళితవాడల్లో కనెక్షన్ ఖర్చు, రోడ్డు కటింగ్ ఖర్చు స్థానిక సంస్థే భరించాలి. కొత్త లైన్లు ఊరి నడుమ నుంచి గాక పల్లంలో ఉన్న వాడల నుంచి మొదలు కావాలి. ప్రతి అనుమతి కాగితం మీద ఆ లైనును ఏ యంత్రంతో, ఎవరి బాధ్యత కింద శుభ్రం చేస్తారో రాసి సంతకం పెట్టాలి. సెప్టిక్ ట్యాంకు బండ్ల మీద, వాటి మీద పనిచేసేవాళ్ళ మీద రిజిస్టరు పెట్టి దాన్ని జనానికి చూపించాలి.

విద్యార్థులకు, టీచర్లకు మా విన్నపం ఒకటుంది. మీ పట్టణంలో మోరీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఒకసారి నడిచి గీసుకోండి. ఆ గీత పక్కన ఏ ఇంటికి ఏ కాగితం ఉందో, ఏ కులం వాళ్ళు ఉంటున్నారో రాయండి. వాడలోని పెద్దమనుషులను, సఫాయి పని చేసి రిటైరైన అవ్వలను అడిగి వాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఎక్కించండి. కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాల చరిత్రలో ఇంకా రాయని అధ్యాయం అదే. రేపు కనెక్షన్ కోసం పోరాడేటప్పుడు మన చేతిలో ఉండాల్సిన కాయితం కూడా అదే.