బల్లభ్‌గఢ్ కథ: చదువు రాని వాళ్ల మతిమరుపును కొలిచిందెలా?

మా నాయనమ్మకు సంతకం రాదు. కానీ నెల మొత్తం పాల లెక్క ఆమె వేళ్ల కణుపుల మీదే ఉండేది. 100లోంచి 7 తీసేస్తూ పొమ్మని ఎవరైనా అడిగి ఉంటే, రెండో మెట్టు దగ్గరే "పోరా, నీకేం పనిలేదా" అనేది. జీఎస్‌లో వృద్ధుల సమస్యలు చదువుతూ డిమెన్షియా గణాంకాల దగ్గర ఆగినప్పుడు ఆమే గుర్తొచ్చింది. ఎందుకంటే ఆ 7 తీసివేత నిజంగానే ఒక పరీక్షలో ప్రశ్న.

ఆ పరీక్ష పేరు మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్. 1975లో అమెరికాలో మార్షల్ ఫోల్‌స్టీన్, సుసాన్ ఫోల్‌స్టీన్, పాల్ మెక్‌హ్యూ తయారుచేశారు. మొత్తం 30 మార్కులు. తేదీ చెప్పాలి, కాగితం మీద ఉన్న ఆజ్ఞను చదివి అలా చేయాలి, ఒక వాక్యం రాయాలి, బొమ్మ చూసి గీయాలి. బడికి వెళ్లిన వాళ్లకు ఇది తేలికే. వెళ్లని వాళ్లకు మార్కులు తగ్గితే, తగ్గింది జ్ఞాపకశక్తి వల్లా, బడి లేకపోవడం వల్లా? పరికరమే తప్పు చూపిస్తుంటే రీడింగ్ ఎన్నిసార్లు తీసుకున్నా లాభం లేదని మా ఇంజినీరింగ్ ల్యాబ్‌లో మొదటి వారంలోనే చెప్పారు.

ఈ చిక్కును తీవ్రంగా తీసుకున్న పరిశోధకురాలు మేరీ గంగూలీ. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మానసిక వైద్యురాలు. 1990లలో ఆమె, విజయ్ చంద్ర తదితరులు కలిసి ఇండో-యూఎస్ అధ్యయనం నడిపారు. స్థలం హర్యానాలోని బల్లభ్‌గఢ్. 55 ఏళ్లు దాటిన 5,126 మందిని పరీక్షించారు. వాళ్లలో 73 శాతం మంది నిరక్షరాస్యులు.

ఇంగ్లిష్ ప్రశ్నలను హిందీలోకి అనువదించి ఊరుకోలేదు, ప్రశ్నలనే మార్చారు. 7 తీసివేత పోయి, దాని చోట వేరే ప్రశ్న వచ్చింది. చదివి కళ్లు మూసుకోమనే చోట, "నా ముఖం చూసి నేను చేసినట్టు చెయ్యి" అని పరీక్షించేవారే కళ్లు మూసి చూపించారు. వాక్యం రాయమనే బదులు, మీ ఇంటి గురించి ఏదైనా చెప్పమన్నారు. 1995లో ప్రచురితమైన ఈ హిందీ పరీక్షను ఇప్పటికీ వాడుతున్నారు.

నాకు ఇంతకంటే నచ్చింది రెండో అడుగు. మార్కులు తగ్గినంత మాత్రాన డిమెన్షియా కాదు, రోజువారీ పనులు కూడా దెబ్బతిన్నాయని తేలాలి. ఉమ్మడి కుటుంబంలో ముసలాయన డబ్బు లెక్క చూడడు, వంట చేయడు, ఊరు దాటడు. అన్నీ కోడలో కొడుకో చూసుకుంటారు. అలాంటప్పుడు ఏ పని చేయలేకపోతున్నాడో ఇంట్లోవాళ్లకైనా ఎలా తెలుస్తుంది? అందుకే ఆ జీవితానికి సరిపోయే ప్రశ్నలతో "ఎవ్రీడే ఎబిలిటీస్ స్కేల్ ఫర్ ఇండియా" తయారుచేశారు.

ఫలితం: 65 దాటిన వారిలో డిమెన్షియా 1.36 శాతం. ప్రపంచంలోనే అతి తక్కువ అంకెల్లో ఒకటి. కొత్త అల్జీమర్స్ కేసులను పెన్సిల్వేనియాలోని మోనోంగహేలా లోయతో పోల్చారు. ఏడాదికి వెయ్యి మందికి అక్కడ 17.5, ఇక్కడ 4.7. మన తిండి, మన కుటుంబం కాపాడుతున్నాయని చాలామందికి అనిపించడం సహజం. పరిశోధకులు మాత్రం తక్కువ ఆయుర్దాయాన్ని, జబ్బు వచ్చాక త్వరగా చనిపోవడాన్ని కూడా కారణాల జాబితాలో ఉంచారు.

2008లో లాన్సెట్‌లో వచ్చిన 10/66 బృందం అధ్యయనం ఈ ధీమాను కదిలించింది. (పరిశోధనలో 10 శాతం కూడా, 66 శాతం రోగులున్న పేద దేశాల మీద జరగడం లేదన్నది ఆ పేరుకు అర్థం.) అమెరికన్ డీఎస్‌ఎం-4 ప్రమాణంతో చూస్తే గ్రామీణ భారతంలో 0.3 శాతమే. అదే ప్రజలను తమ సొంత ప్రమాణంతో చూస్తే, వాళ్లు సర్వే చేసిన ఏ దేశంలోనూ 5.6 శాతం కంటే తగ్గలేదు. వెనుకబడిన ప్రాంతాల్లో మార్పును కుటుంబాలే తక్కువగా చెబుతున్నాయని తేల్చారు. 2023లో లాసీ-డాడ్ అంచనా ప్రకారం 60 దాటిన వారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది. పురుషుల కంటే స్త్రీలలో, పట్నం కంటే పల్లెలో ఎక్కువ. 1.36 నుంచి 7.4కు "పెరిగింది" అని మెయిన్స్‌లో రాయకండి. వయసు హద్దు వేరు, ప్రమాణం వేరు.

గంగూలీ బృందం బల్లభ్‌గఢ్‌లోనే కుంగుబాటును కూడా కొలిచింది. మతి, రోజువారీ సామర్థ్యం తగ్గిన వాళ్లలో ఆ లక్షణాలు ఎక్కువ కనిపించాయి. వయసు మీద పడిందిలే అని వదిలేసేది ఈ రెండింటినీ కలిపే.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 2(1)(ఎస్) చూడండి. మానసిక అనారోగ్యం నిర్వచనంలో జ్ఞాపకశక్తి ఉంది, జీవితపు సాధారణ అవసరాలు తీర్చుకునే సామర్థ్యమూ ఉంది. ఎవరి జీవితం, ఏ అవసరాలు అన్నది అక్కడ రాసిలేదు. నా నోట్స్‌లో ఆ సెక్షన్ పక్కన మార్జిన్‌లో బల్లభ్‌గఢ్ అని రాసుకున్నాను.