ఉమ్మడి బహుళ బ్యాండ్ యాంటెన్నాలు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి

మొబైల్ టవరుకు నిలువుగా బిగించిన ఒకే పలకలో పలు పౌనఃపున్యాల ప్రసారకాలను పేర్చి, ఒకరికి మించిన ఆపరేటర్లకు గానీ 2జీ నుంచి 5జీ దాకా వేర్వేరు తరాలకు గానీ పనికొచ్చేలా చేసిన యాంటెన్నాలు ఇవి. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న చాలామటుకు పాత వరంగల్ జిల్లా నుంచి ఏర్పడ్డాయి. స్పెక్ట్రం లెక్కలో మాత్రం రాష్ట్ర విభజన తర్వాత కూడా ఇవి ‘ఆంధ్రప్రదేశ్’ టెలికాం సర్కిల్‌లోనే ఉన్నాయి. కాబట్టి ఆ సర్కిల్‌లోకి ఏ బ్యాండు ఎప్పుడు వచ్చిందో చూస్తే ఇక్కడి యాంటెన్నాల చరిత్ర తెలుస్తుంది.

తొలి జీఎస్ఎం ఆపరేటర్లు 1990ల్లో 900 మెగాహెర్ట్జ్‌తో మొదలుపెట్టారు. 2001 నాటి నాలుగో ఆపరేటర్ లైసెన్సులు 1800ను తెచ్చాయి. 2010 వేలంలో 2100, 2300 బ్యాండ్లు అమ్ముడయ్యాయి. 2016లో వచ్చిన జియో 4జీని 850, 1800, 2300లలో నడిపింది. 2022 వేలంలో 700, 3300 చేరాయి. బ్యాండు పెరిగినప్పుడల్లా ఒక్కో దిక్కుకు ఒక కొత్త పలక ఎక్కిస్తూ పోతే టవరు మీద గాలి ఒత్తిడి పెరుగుతుంది, టవరు కంపెనీకి కట్టే అద్దె కూడా పెరుగుతుంది. ఇండస్ టవర్స్ వంటి సంస్థలు 2007 నుంచి ఇనుప టవరును ఉమ్మడి చేశాయి. యాంటెన్నా, ఫీడర్ కేబుల్ వంటి వాటినీ పంచుకోవచ్చని టెలికాం శాఖ 2008 ఏప్రిల్ మార్గదర్శకాల్లో అనుమతించింది.

అనుమతి దొరికినా తరంగదైర్ఘ్యంతో పేచీ ఉంది. 900లో అది సుమారు 33 సెంటీమీటర్లు, 1800లో అందులో సగం. 900 కోసం పాతిక సెంటీమీటర్ల ఎడంతో పేర్చిన డైపోళ్లను (పలకలోని ప్రసారకాలను) 1800కీ వాడితే ఆ ఎడం ఒక తరంగదైర్ఘ్యాన్ని మించిపోతుంది. అప్పుడు అసలు పుంజంతో పాటు ఆకాశం వైపూ టవరు పాదం వైపూ అక్కరలేని పుంజాలు పుడతాయి. అందుకే పెద్ద డైపోళ్ల నడుమ చిన్నవాటిని అదనంగా ఇరికిస్తారు. అలా చేస్తే పెద్దవి చిన్నవాటికి అడ్డు నిలిచి వాటి పుంజాన్ని వంకర చేస్తాయి. పై బ్యాండు ప్రవాహాన్ని నిలిపే చోక్‌లను పెద్ద డైపోళ్ల చేతుల్లోనే అమర్చి, ఆ బ్యాండుకు అవి కనిపించనట్టు చేయడం ఈ రంగంలో గొప్ప ఉపాయం.

ఇద్దరు ఆపరేటర్లు ఒకే పలకను పంచుకుంటే అసలు తగవు టిల్ట్ దగ్గర, అంటే పుంజాన్ని కిందికి వంచే వాలు దగ్గర వస్తుంది. సంకేతాలను ఆ వాలును మార్చే ఫేజ్ షిఫ్టర్‌కు ముందే కలిపేస్తే ఇద్దరికీ ఒకే వాలు దక్కుతుంది. ఎవరి వాలు వారికి కావాలంటే ఎవరి ఫేజ్ షిఫ్టర్ వారికుండాలి, ఆ తర్వాత ప్రతి డైపోల్ వెనుకా ఒక ఫిల్టర్ పెట్టాలి. దానివల్ల పలక బరువెక్కుతుంది, శక్తి కొంత నష్టమవుతుంది. ఇద్దరూ ఒకే బ్యాండులో పక్కపక్కనే ఉంటే ఫిల్టర్ కూడా వారిని విడదీయలేదు. ఇద్దరి సంకేతాలను కలిపే హైబ్రిడ్ కంబైనర్ వాడితే సగం శక్తి వృథా. అప్పుడు విడి వరసలు, విడి పోర్టులే శరణ్యం.

ఈ మూడు జిల్లాల్లోనూ వాలు అవసరం ఒకటి కాదు. హైదరాబాద్–వరంగల్ రహదారి మీది జనగామ పట్టణంలో రద్దీ ఎక్కువ, టవర్లు దగ్గర దగ్గర. పుంజాన్ని బాగా కిందికి వంచాలి. మహబూబాబాద్‌లో ఒక పక్క కాజీపేట–విజయవాడ రైలు మార్గం, ఇంకో పక్క కొత్తగూడ, గంగారం అడవి ఊళ్లు. భూపాలపల్లి జిల్లాలో కాళేశ్వరం, మహదేవపూర్ వైపు చెట్ల నడుమ దూరం పోవాలంటే 700, 900 వంటి కింది బ్యాండ్లే దిక్కు, వాలు తక్కువ పెట్టాలి. వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల కోసం 2014లో కేంద్రం ఆమోదించిన 2,199 బీఎస్ఎన్ఎల్ టవర్ల పథకంలో తెలంగాణ కూడా ఉంది. అవి 2జీ టవర్లు. ఆ పథకం స్థలాలను 4జీకి మార్చడానికి 2022లో ఆమోదం లభించింది. ఆపరేటర్ ఒక్కరే ఉన్నచోట పంచుకోవడమన్న మాటే లేదు. అక్కడ ఈ పలక తరాల మధ్యనే ఉమ్మడి.

2012 సెప్టెంబరు 1 నుంచి దేశంలో మొబైల్ టవర్ల రేడియేషన్ పరిమితి అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గింది. ఉమ్మడి స్థలంలో అందరి శక్తినీ కలిపి లెక్కిస్తారు కాబట్టి డిజైనర్‌కు చెయ్యి కట్టేసినట్టే. ఇక 5జీకి వాడే 3300 బ్యాండులో సాధారణంగా రేడియో, యాంటెన్నా ఒకే పెట్టెలో కలిసి ఉంటాయి. పాత పద్ధతిలో కేబుల్ తగిలించి ఇంకొకరికి పంచడం ఆ పెట్టెతో కుదరదు. అందుకని కింది బ్యాండ్లకు ఒక బహుళ బ్యాండ్ పలక, దానికి పక్కనో పైననో 5జీకి విడి పెట్టె బిగించడం పరిపాటి అయింది.