ప్లస్ టూలో హిస్టరీ తీసుకుంటానన్న మన కుర్రాడి గురించి

ఈసారి పోస్టు కాస్త పొడుగే. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి.

మొన్న మనవాళ్ళింట్లో చిన్న గొడవ. టెన్త్ పాసైన కుర్రాడు బిస్సమ్ కటక్‌లోనే ఉండి ప్లస్ టూ ఆర్ట్స్‌లో హిస్టరీ చదువుతానన్నాడు. వాళ్ళ నాన్న అప్పటికే వైజాగ్‌లో ఎంపీసీ సీటు మాట్లాడి వచ్చేశాడు. "రాజులూ యుద్ధాలూ కూడు పెడతాయా? నువ్వైనా చెప్పు బావా" అని నన్ను పిలిచాడు. నేను ఇటూ అటూ కాకుండా ఏదో గొణిగి టీ తాగి వచ్చేశాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆగస్టు 29న మనం గిడుగు రామమూర్తి గారి ఫొటోకి దండ వేస్తాం. వాడుక భాష కోసం పోరాడారని ప్రతి ఏడూ చెప్పుకుంటాం. ఆయన చరిత్ర మేష్టారని ఎంతమందికి గుర్తు? 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి బీఏ ప్యాసయ్యారు, చరిత్రే ప్రధాన పాఠ్యంగా. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదవాలని పాత లిపులు తనంతట తానే నేర్చుకున్నారు. సవర కుర్రాణ్ణి ఇంట్లో పెట్టుకుని వాళ్ళ భాష నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు రాశారు. మన గుణుపురం కొండల్లో వినపడేది ఆ భాషే. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు అది ఒప్పుకోలేక, అంతకాలం ఉన్న ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు.

ఆ 1936 మాటే చూడండి. ఏప్రిల్ 1న మన పిల్లలు బడిలో ఉత్కళ దినోత్సవం చేస్తారు, చెయ్యాల్సిందే. కానీ ఆ ముందురోజు వరకూ మన ఊరు మద్రాసు రాష్ట్రం, విశాఖపట్నం జిల్లా. జయపురం జమీందారీలో భాగం, ఆ మహారాజు కింద ఇక్కడ తాట్ రాజా. 1839 చట్టం ప్రకారం ఈ కొండ ప్రాంతానికి మామూలు కోర్టులు లేవు, విశాఖ కలెక్టరే గవర్నరు ఏజెంటుగా అన్నీ చూసేవాడు. మనం ఇప్పటికీ 'ఏజెన్సీ' అంటామే, ఆ మాట అక్కణ్ణించి వచ్చిందే.

జయపురం అటు పోవాలా ఇటు ఉండాలా అన్నది ఒక్కరోజులో తేలలేదు. ఓడొనెల్ కమిటీ కూర్చుంది. అందులో ఆంధ్రుల తరఫున సి.వి.ఎస్. నరసింహరాజు గారు, పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి గారు కూడా ఉన్నారు. 1933 శ్వేతపత్రంలో జయపురాన్ని కొత్త రాష్ట్రంలో చేర్చలేదు. మరుసటి ఏడాది పార్లమెంటు సంయుక్త కమిటీ చేర్చింది. తెలుగువాళ్ళు ఇంతమంది, ఒడియావాళ్ళు ఇంతమంది అని రెండు పక్షాలూ లెక్కలు తీశాయి. మధ్యలో కువి, సవర, గదబ మాట్లాడే కొండవాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు. కువి మన తెలుగుకి దగ్గర చుట్టమే, అయినా సంతలో వాళ్ళ మాట నేర్చుకున్నవాళ్ళం మనలో ఎందరం?

ఇది ఆంధ్రా పుస్తకంలో ఉండదు, సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. ఒడిశా పుస్తకంలో రాష్ట్రం ఏర్పడిన సంగతి ఉంటుంది, తెలుగువాడు ఏమనుకున్నాడో ఉండదు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు ఏటా లక్ష రూపాయలిచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తుని నిలబెట్టారు. వైజాగ్‌లో ఎంపీసీ చదివి ఆ యూనివర్సిటీలో చేరే మన పిల్లలకి ఆ డబ్బు ఈ కొండల్లోంచి వెళ్ళిందని ఎవరు చెప్తారు?

నా సంగతి ఒకటి. మా తాతగారి క్రయదస్తావేజు ఒకటుంది, 1936కి ముందుది. పైన 'విశాఖపట్నం జిల్లా' అని ఉంటుంది, మిగతాదంతా గొలుసుకట్టు తెలుగు. సరిహద్దు పేచీ వచ్చినప్పుడు అది చదివేవాడు మా ఇంట్లో లేడు. ఒడియా బడిలో చదివిన మా అబ్బాయికి అచ్చు తెలుగే కష్టం. పార్వతీపురంలో ఒక ముసలి రిటైర్డు గుమస్తా గారి దగ్గరికి పట్టుకెళ్ళి చదివించుకున్నాను. ఆయన చదువుతుంటే మా తాత పేరు, పక్క పొలం ఆసామి పేరు, వాగు పేరు వినపడ్డాయి. ఆ వాగుని ఇప్పుడు వేరే పేరుతో పిలుస్తున్నాం. ఆ గుమస్తా గారు పోయారు. ఇంకో కాగితం బయటపడితే ఎక్కడికెళ్ళాలో నాకు తెలీదు.

బావగారి భయం తప్పని నేననను. హిస్టరీ చదివితే ఉద్యోగానికి ఆలస్యమవుతుంది. బీఈడీ, లా, ఓపీఎస్సీ, ఏదైనా మరో ఐదారేళ్ళు కూర్చోపెట్టి తిండి పెట్టాలి. దుకాణం మీద బతికే ఇంటికి అది చిన్నమాట కాదు. ఇష్టంలేని ఎంపీసీలో రెండేళ్ళూ హాస్టలు ఫీజూ పోసి వెనక్కొచ్చిన పిల్లల్నీ మనం చూశాం, పేర్లొద్దు. ఇంకోటి, ఒడిశా ప్లస్ టూలో మాతృభాష పేపరుగా తెలుగు తీసుకోవచ్చు. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ చదవగలిగి, సంతలో కువి మాట్లాడేవాడు చెన్నైలో మద్రాసు కాలం దస్త్రాలూ, భువనేశ్వర్‌లో తర్వాతవీ రెండూ చూడగలడు. అలాంటివాడు మన మధ్యే పెరుగుతున్నాడు, వాళ్ళ నాన్న వాణ్ణి ఫిజిక్సుకి పంపుతున్నాడు.

బావా, ఈ పోస్టు చదువుతావని తెలుసు. కోపం వద్దు. సీటు కోసం ఇంకా డబ్బు కట్టలేదన్నావు కదా, ఒక్క వారం ఆగు. ఆదివారం కుర్రాణ్ణి మా ఇంటికి పంపు, ఆ దస్తావేజు బయటికి తీసి పెడతాను. మన సభ్యుల ఇళ్ళల్లో పెట్టె అడుగున అలాంటి కాగితాలుంటే పారేయకండి, ఫొటో తీసి నాకు చెప్పండి.